నిమ్మకాయ లేని నిమ్మ టీ: మొక్క ఎంపిక నుంచి గ్లాసు దాకా

నిమ్మకాయ పులిహోర కలిపేటప్పుడు పొయ్యి ఆపాకే రసం పిండాలని వంటింట్లో అందరికీ తెలుసు. వేసవిలో మజ్జిగలో నిమ్మాకో దబ్బాకో నలిపి వేస్తారు. దాంతో మజ్జిగ పులుపు రవ్వంత కూడా పెరగదు, వాసన మాత్రం గ్లాసు ఎత్తేలోపే తగులుతుంది. పులుపు ఒకటి, నిమ్మ వాసన ఇంకొకటి. నిమ్మ వాసన మూలికల టీలన్నీ ఈ రెండోదాని మీదే నడుస్తాయి. నిమ్మగడ్డి, మెలిస్సా, వర్బెనా, ఆస్ట్రేలియా లెమన్ మిర్టిల్ ఆకుల్లో చెప్పుకోదగ్గ పులుపు లేదు. వీటి టీ సరిగ్గా కుదరనివాళ్లలో చాలామంది ఈ తేడా పట్టించుకోకనే చెడగొడతారు.

వాసనకు కారణం సిట్రాల్. ఇది జెరానియల్, నెరాల్ అనే రెండు జంట పదార్థాల మిశ్రమం. నిమ్మతొక్క నూనెలో సిట్రాల్ నూటికి 2 నుంచి 5 పాళ్లే ఉంటుంది, ఎక్కువ భాగం లిమొనీన్ అనే వేరే పదార్థం. నిమ్మగడ్డి నూనెలో మాత్రం సిట్రాల్ 70–80 పాళ్ల దాకా ఉంటుంది. లెమన్ మిర్టిల్‌లో 90 దాటుతుంది. అంటే ‘నిమ్మ’ అని మనం పోల్చుకునే వాసన విషయంలో ఈ ఆకులు నిమ్మకాయ కంటే ఘాటు. ఈ సిట్రాల్ గురించి మూడు విషయాలు గుర్తుంటే చాలు. ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. నీళ్లలో కన్నా కొవ్వులో బాగా కరుగుతుంది. పులుపులో ఎక్కువసేపు నానితే విరిగిపోయి వాసన మారిపోతుంది. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ మూడింటి నుంచి వచ్చినవే.

తేయాకు లేనిదాన్ని టీ అనడం వాడుక మాత్రమే. మన మాట కషాయం. అయితే కషాయం అనగానే నాలుగు వంతుల నీళ్లు ఒక వంతుకు మరిగించడం గుర్తొస్తుంది. ఈ ఆకులకు ఆ పద్ధతి అసలు పనికిరాదు.

ఏ మొక్క?

తెలుగు నేల మీద ఇంట్లో పెంచుకోవడానికి మొదటి ఎంపిక నిమ్మగడ్డి, ఇందులో రెండో మాట లేదు. ఎండకు తట్టుకుంటుంది, ఒక్క పిలకతో మొదలుపెడితే ఏడాదిలో దుబ్బు అవుతుంది. ఇందులో రెండు జాతులున్నాయి. వంటకు, టీకి వాడేది సింబోపోగాన్ సిట్రాటస్. దీని మొదలు ఉల్లికాడలా లావుగా, తెల్లగా ఉంటుంది, పూత చాలా అరుదు. అందుకే దీన్ని పిలకల ద్వారానే పెంచుతారు. రెండోది సింబోపోగాన్ ఫ్లెక్సువోసస్, నూనె తీయడానికి పొలాల్లో వేసేది. ఇది పూస్తుంది, విత్తనం కడుతుంది, కాడ సన్నం. నిమ్మగడ్డి విత్తనాలని ప్యాకెట్లలో అమ్మేది ఎక్కువగా ఈ రెండోదే. టీకి పనికొస్తుంది గానీ, కూరల్లోకి దంచి వేసే లావు మొదలు దీనికి రాదు. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) విడుదల చేసిన కృష్ణ, ప్రగతి లాంటివి నూనె కోసం ఎంపిక చేసిన రకాలు. వాటి ఆకు దొరికితే మామూలు కొలతలో మూడో వంతు తగ్గించి మొదలుపెట్టండి.

నర్సరీలో అసలు మోసం, లేదా పొరపాటు, వేరే చోట జరుగుతుంది. అదే జాతి కుటుంబంలో సిట్రొనెల్లా ఉంది. చూడటానికి అచ్చం నిమ్మగడ్డే. దోమల నూనెల్లో వాడేది ఇదే. కాడ మొదలు దగ్గర ఎర్రటి లేదా ఊదా ఛాయ కనిపిస్తే అనుమానించండి. ఆకు చివర కొంచెం తుంచి వేళ్ల మధ్య నలిపి చూడండి. నిమ్మతొక్క గోరుతో గీకినట్టు శుభ్రంగా ఉంటే నిమ్మగడ్డి. సబ్బు, దోమల అగరుబత్తి గుర్తొస్తే సిట్రొనెల్లా. గులాబీ వాసన వస్తే పామారోజా అనే ఇంకో గడ్డి. ఆ రెండూ సబ్బులకీ అత్తర్లకీ పనికొస్తాయి, గ్లాసులోకి కాదు. కడియం నర్సరీల నుంచి తెప్పించుకున్నా, పక్కింటివాళ్లు పిలక ఇచ్చినా, నలిపి వాసన చూడకుండా నాటొద్దు.

కుండీలో పెంచడం

పిలకకు కనీసం నాలుగు వేళ్ల పొడవు కాడ, కొద్దిగా వేరు ఉండాలి. వేరు లేని తాజా కాడ కూరగాయల దుకాణంలో దొరికితే, మొదలు మునిగేలా గ్లాసులో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. మొదలు గుండ్రటి అడుగు కోసేసిన కాడకు మాత్రం వేరు రాదు. కొనేముందు అది చూసుకోవాలి.

కుండీ 14 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉండాలి. 8 అంగుళాల కుండీలో వేస్తే ఆరు నెలల్లో వేళ్లు చుట్టుకుపోయి, రోజూ నీళ్లు పోసినా ఆకు కొసలు ఎండుతూనే ఉంటాయి. మట్టి రెండు వంతులు, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక వంతు, ఇసుక ఒక వంతు. ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. నీడలో పెరిగిన ఆకు పచ్చగా, మెత్తగా, చూడముచ్చటగా ఉంటుంది, నలిపితే వాసన పలచన. మిద్దె తోటల్లో పడే ఏప్రిల్, మే ఎండకు రెండు పూటలా నీళ్లు పోయాల్సి రావచ్చు. వానాకాలంలో మాత్రం కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదని చూసుకోండి. నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది.

వానల్లో ఆకుల మీద ఇటుకరంగు గీతలు, మచ్చలు వస్తే అది తుప్పు తెగులు. మందులు కొట్టకండి, ఆ ఆకుల్నే మీరు తాగబోతున్నారు. మచ్చపడ్డ ఆకుల్ని మొదలు దాకా కోసి పారేసి, దుబ్బును పలచన చేసి గాలి ఆడనిస్తే కొత్త ఆకు శుభ్రంగా వస్తుంది.

నాటిన మూడు నెలలకు మొదటి కోత. నేల నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి కోయాలి. ఇంకా కిందికి కోస్తే పిలక గుండె తెగి ఆ కాడ చచ్చిపోతుంది. ఆ తర్వాత 50–60 రోజులకోసారి మొత్తం కోత, మధ్యలో రోజువారీకి బయటివైపు ఆకులు రెండు మూడు. ఆకు అంచు బ్లేడులా ఉంటుంది, చేత్తో లాగితే వేలు కోసుకుంటుంది. కత్తెర వాడండి. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసిన ఆకు మంచిది. రెండేళ్లకోసారి దుబ్బును పెకలించి, విడదీసి, కొత్త మట్టిలో వేయాలి. లేకపోతే నడుమ భాగం ఎండి బోలుగా తయారవుతుంది.

తాజా ఆకుతో టీ

ఒకరికి 200 మిల్లీలీటర్ల టీ రావాలంటే:

నీళ్లు 220 మిల్లీలీటర్లు (ఆవిరికి పోయేది కలుపుకుని)
మూరెడు పొడవు ఆకులు రెండు, సుమారు 4–5 గ్రాములు
లేదా లావు కాడ ఒకటి, మొదలు వైపు అరచేయంత భాగం

ఆకుల్ని కడిగి, కత్తెరతో అంగుళం ముక్కలు చేయండి. ముడివేసి వేయడం చూడటానికి బాగుంటుంది, తీయడం తేలిక కూడా, కానీ నూనె తిత్తులు తెగవు కాబట్టి రుచి తక్కువగా దిగుతుంది. ముడి వేయాలనుకుంటే ముందు రెండు చేతుల మధ్య గట్టిగా మెలిపెట్టండి. కాడ అయితే రోకలితో రెండు దెబ్బలు కొట్టి చితక్కొట్టాలి.

స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లగానే ఆకు వేసి, మూతపెట్టి, మంట పూర్తిగా తగ్గించి మూడు నిమిషాలు. కాడకైతే ఎనిమిది నిమిషాలు. ఆపాక మూత తీయకుండా ఇంకో ఐదు నిమిషాలు. తర్వాత మూతను గిన్నె మీదే వంచి, దానికి పట్టిన చుక్కల్ని లోపలికే రాల్చి వడగట్టండి. ఎగిరిపోబోయి మూతకు తగిలి ఆగిన వాసన ఆ చుక్కల్లో కొంత ఉంటుంది.

మూత మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నిమ్మగడ్డి నూనె తీసే బట్టీల్లో చేసేది కూడా ఇదే పని. గడ్డి గుండా ఆవిరి పంపుతారు, ఆవిరి నూనెను మోసుకుని గొట్టంలోకి వెళ్తుంది, చల్లబడ్డాక నీళ్ల మీద నూనె తేలుతుంది. మూత లేకుండా పది నిమిషాలు మరిగించేవాళ్లు ఇంట్లో బట్టీ పెట్టినట్టే. నూనె గొట్టంలోకి బదులు గదిలోకి పోతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో గడ్డి నీళ్లు మిగులుతాయి.

వడగట్టేందుకు సన్నటి జాలి వాడండి. తేయాకు జాలిలోంచి ఆకు నారలు దిగుతాయి, అవి గొంతులో గుచ్చుకుంటాయి. పలుచటి గుడ్డ ఇంకా మేలు. రంగు లేత పసుపులో ఉండాలి. ముదురు గోధుమరంగులోకి వచ్చిందంటే ఎక్కువ మరిగింది, లేదా ఆకు పాతది.

ఎండబెట్టి దాచుకోవడం

వానాకాలం చివర దుబ్బు ఉబ్బిపోయి ఆకు ఎక్కువైనప్పుడు ఈ పని పెట్టుకోవాలి. కడిగిన ఆకును ముందు పూర్తిగా తడి ఆరనిచ్చి, తర్వాత అంగుళం ముక్కలు కోసి, నూలుగుడ్డ మీద పలుచగా పరిచి, నీడలో, గాలి తగిలే గదిలో ఉంచండి. ఫ్యాను కింద మూడు నుంచి ఐదు రోజులు. ఎండలో వేస్తే ఒక్కరోజులో కరకరలాడుతుంది, నిజమే. కానీ పచ్చరంగుతో పాటు వాసనా పోతుంది. ఓవెన్‌లో చేయాలనుకుంటే 40 డిగ్రీలు దాటకూడదు, ఇళ్లలోని చాలా ఓవెన్లలో అంత తక్కువ వేడి నిలవదు.

ముక్క వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకో రోజు. తొందరపడి సీసాలో పోస్తే వారంలో మూత తీయగానే ముక్కవాసన కొడుతుంది. బూజు తెల్లగా కంటికి కనబడక ముందే ఆ వాసన చెబుతుంది. అలాంటిదాన్ని తిరిగి ఎండబెట్టి వాడకండి, పారేయండి. 100 గ్రాముల పచ్చి ఆకుకు 25–30 గ్రాముల ఎండుది వస్తుంది. గాజుసీసాలో, వెలుతురు తగలని అరలో పెడితే ఆరు నెలలు బాగుంటుంది. పొడి కొట్టి దాచొద్దు. పొడిలో వాసన నెలలోనే సగమవుతుంది. వాడేముందు అప్పటికప్పుడు నలుపుకోండి.

ఎండు ఆకుకు కొలత: 200 మిల్లీలీటర్లకు నలిపిన ముక్కలు ఒక నిండు చెంచా, అంటే గ్రామున్నర లోపు. దీన్ని మరిగించక్కర్లేదు. తెర్లిన నీళ్లు పోసి, మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు.

కలిపి దాచుకునే మిశ్రమం ఒకటి: ఎండు నిమ్మగడ్డి 40 గ్రాములు, నీడలో ఎండిన తులసి 15 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన సొంఠి 5 గ్రాములు. సుమారు 50 గ్లాసులకు వస్తుంది. సొంఠి పొడిగా వేస్తే సీసా అడుగుకు చేరి చివరి గ్లాసులు ఘాటెక్కుతాయి, అందుకే ముక్కలు. లవంగం, యాలక్కాయ వేయాలనిపిస్తే సీసాలో కాకుండా గ్లాసుకు ఒకటి చొప్పున అప్పుడే వేసుకోండి. ఆరు నెలలు కలిసి ఉంటే లవంగం మిగతా అన్నింటినీ మింగేస్తుంది.

పాల టీలో

మహారాష్ట్రలో ‘గవతీ చహా’ అంటే గడ్డి టీ. గుజరాత్‌లో ఇదే ఆకు ‘లీలీ చా’, పచ్చ టీ. రెండు చోట్లా రోజువారీ పాల టీలోనే వేస్తారు. నిమ్మరసం పిండితే విరిగే పాలు నిమ్మగడ్డికి విరగకపోవడానికి కారణం మొదట్లో చెప్పుకున్నదే, ఆకులో పులుపు లేదు. పైగా పాలలోని కొవ్వు సిట్రాల్‌ను పట్టి ఉంచుతుంది. అందుకే పాల టీలో పైకి కొట్టే వాసన తగ్గి, తాగాక నోట్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇద్దరికి: నీళ్లు ఒక గ్లాసు, ఆకులు మూడు, దంచిన అల్లం అర అంగుళం ముక్క, టీ పొడి రెండు చెంచాలు, పాలు ఒక గ్లాసు, తీపి మీ ఇష్టం. నీళ్లలో ఆకు, అల్లం వేసి మూతపెట్టి మూడు నిమిషాలు. తర్వాత టీ పొడి, ఇంకో నిమిషం. ఆపైన కాచిన పాలు, ఒక పొంగు. ‘నిమ్మగడ్డి వేస్తే పాలు విరిగాయి’ అనేవాళ్లు దాదాపుగా పచ్చి అల్లాన్ని నేరుగా పాలలో వేసినవాళ్లే. పచ్చి అల్లంలో పాల మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైము ఉంటుంది, నీళ్లలో ముందు మరిగితే దాని బలం పోతుంది. బెల్లం వాడితే దించాకే కలపండి. కొన్ని బెల్లాలు మరిగే పాలను విరిచేస్తాయి.

నిమ్మరసం ఎప్పుడు పిండాలి

పులుపు కావాలంటే పిండుకోవచ్చు, తప్పులేదు. తాగే ముందు, గ్లాసులో, అర చెంచా. ఫ్లాస్కులో పోసి ఆఫీసుకు తీసుకెళ్లే టీలో ముందే పిండితే, మధ్యాహ్నానికి వాసన మందగిస్తుంది. పులుపు, వేడి రెండూ కలిసి సిట్రాల్‌ను విరగ్గొడతాయి. నిమ్మచెక్కను తొక్కతో సహా గిన్నెలో మరిగించడం ఇంకో అలవాటు. తొక్క కింది తెల్లటి పొరలోంచి చేదు దిగుతుంది, గింజలు పడితే మరీ. తొక్క వాసన కావాలంటే పచ్చటి పైపొర మాత్రం సన్నగా గీకి, దించిన తర్వాత వేయండి. రసం కలిపిన దాన్ని ఇత్తడి, అల్యూమినియం పాత్రల్లో ఉంచకూడదు.

తేనె గోరువెచ్చగా అయ్యాక కలిపితే దాని వాసన మిగులుతుంది. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టొద్దు.

చల్లగా తాగాలంటే తాజా ఆకు 20 గ్రాములు, లీటరు మరిగిన నీళ్లు, మూతపెట్టి పదిహేను నిమిషాలు, వడగట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో. ఒక రోజులో తాగేయాలి. పచ్చి ఆకును చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టే పద్ధతి వద్దు. మట్టికి దగ్గరగా పెరిగే ఆకు ఇది, ఎంత కడిగినా మరిగిన నీళ్లు తగలడమే మంచిది.

దేశదేశాల నిమ్మ ఆకులు

సంస్కృతంలో ఈ జాతి గడ్డిని భూస్తృణం అన్నారు. కరీబియన్ దీవుల్లో దీని పేరు ‘జ్వరం గడ్డి’, జ్వరంలో ఇచ్చే కషాయం కాబట్టి. బ్రెజిల్‌లో ‘పవిత్రమైన గడ్డి’ అని కూడా అంటారు. థాయిలాండ్‌లో కూరల్లో పడే కాడనే మరిగించి, తీపి కలిపి చల్లగా తాగుతారు.

మన దేశంలో దీని వ్యాపార చరిత్ర కేరళది. మలబారు కొండల్లో గడ్డి కోసి బట్టీ పెట్టిన నూనె కొచ్చిన్ రేవు నుంచి వెళ్లేది, అందుకే విదేశాల్లో దానికి ‘కొచ్చిన్ నూనె’ అనే పేరు. 1893లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు టీమన్, క్రూగర్ సిట్రాల్ నుంచి అయొనోన్ తయారుచేశారు. వయొలెట్ పూల వాసన వచ్చే ఆ పదార్థంతో ఖరీదైన అత్తర్లు చవకయ్యాయి. 1947లో స్విట్జర్లాండ్‌లో ఓటో ఇస్లర్ బృందం అయొనోన్‌తోనే మొదలుపెట్టి విటమిన్ ఎ తయారుచేసింది. 1951లో ఎర్నాకుళం జిల్లా ఓడక్కాలిలో నిమ్మగడ్డి కోసం పరిశోధన కేంద్రం పెట్టారు. ఇది చదివి నిమ్మగడ్డి టీలో విటమిన్ ఎ ఉంటుందనుకోకండి. అది కర్మాగారంలో ఎన్నో మెట్లు దాటాక వచ్చేది.

మెలిస్సా (లెమన్ బామ్) మధ్యధరా ప్రాంతపు మొక్క, పుదీనాకు చుట్టం. గ్రీకులో మెలిస్సా అంటే తేనెటీగ. దీని పూలకు తేనెటీగలు ముసురుతాయి. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు దీనితో చేసిన ఔషధ జలం యూరప్ అంతా పాకింది. ఆకులో నూనె చాలా తక్కువ, నిమ్మగడ్డితో పోలిస్తే ఏ మూలకూ రాదు. అందుకే మరిగిస్తే ఏమీ మిగలదు. తాజా ఆకులు పది పన్నెండు నలిపి, తెర్లడం ఆగిన నీళ్లు 150 మిల్లీలీటర్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచాలి. ఎండు ఆకు అయితే గ్రామున్నర నుంచి మొదలు. ఎండితే వాసన బాగా తగ్గుతుంది, పాత ప్యాకెట్టు ఎండుగడ్డితో సమానం. మన మైదానాల్లో ఇది శీతాకాలపు మొక్క. అక్టోబరులో విత్తి, విత్తనం మీద మట్టి కప్పకుండా (మొలకెత్తడానికి వెలుతురు కావాలి) పెంచితే మార్చి దాకా ఆకు వస్తుంది. ఏప్రిల్ ఎండకు నీడలోకి మార్చినా బతకడం కష్టమే.

లెమన్ వర్బెనా దక్షిణ అమెరికా పొద. 18వ శతాబ్దంలో యూరప్‌కు చేరింది. స్పెయిన్ రాణి పర్మా మరియా లూయిసా పేరు మీద స్పానిష్‌లో ఇది ‘లూయిసా మూలిక’ అయింది. ఫ్రాన్స్‌లో రాత్రి భోజనం తర్వాత తాగే ‘వెర్వెన్’ చాలాసార్లు ఇదే. ఎండినా వాసన నిలబడటం దీని ప్రత్యేకత. కొనాల్సి వస్తే మెలిస్సా కన్నా ఇదే కొనండి. ఐదారు ఎండు ఆకులు, 200 మిల్లీలీటర్లు, ఐదు నిమిషాలు.

లెమన్ మిర్టిల్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవి చెట్టు. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకు సూపర్ మార్కెట్లోనే దొరుకుతుంది. నాలుగింటిలో ఘాటైనది. పావు చెంచాతో మొదలుపెట్టి మూడు నిమిషాలకే వడగట్టండి. నిమ్మగడ్డి కొలతలో వేస్తే గిన్నెలు తోమే సబ్బు తాగినట్టుంటుంది.

మేలు ఎంత?

రూఢిగా చెప్పగలిగేది ముందు. వీటిలో కెఫీన్ లేదు. రాత్రి తొమ్మిదికి టీ తాగాలనిపించేవాళ్లకు ఇదే పెద్ద లాభం. తీపి వేయకపోతే చక్కెర లేదు. రోజుకు నాలుగు టీలు తాగే మనిషి రెండింటిని వీటితో మార్చుకుంటే, తగ్గేది ఆ రెండు టీల చక్కెర, పాలు, కెఫీన్. ‘బరువు తగ్గిస్తుంది’ అన్న మాటలో నిజం అంతవరకే.

యూరప్ మందుల సంస్థ మెలిస్సా ఆకును సంప్రదాయ వాడుక ఆధారంగా రెండు పనులకు గుర్తించింది: తేలికపాటి మానసిక ఒత్తిడి తగ్గించి నిద్రకు సాయపడటం, కడుపు ఉబ్బరం లాంటి చిన్న ఇబ్బందులు తగ్గించడం. సంప్రదాయ వాడుక అంటే చాలాకాలంగా వాడుతున్నారని, పెద్ద పరీక్షల్లో తేలిందని కాదు. నిమ్మగడ్డి నూనె ప్రయోగశాలలో బ్యాక్టీరియాను, బూజును అడ్డుకుంటుంది. గాజు పలకలో చుక్క నూనె చేసిన పని గ్లాసు టీ కడుపులో చేస్తుందని చెప్పలేం. జలుబులో వేడి టీ గొంతుకు హాయిగా ఉంటుంది, ఆ హాయి నిజమే, కానీ అది జలుబును నయం చేయడం కాదు.

విటమిన్ సి గురించిన భ్రమ మరీ ఎక్కువ. నిమ్మ వాసన ఉంది కాబట్టి విటమిన్ సి ఉంటుందనుకుంటారు. ఆకును మరిగించిన నీళ్లలో లెక్కలోకి వచ్చేంత ఉండదు. చివర పిండే అర చెంచా నిమ్మరసంలో కొద్దిగా ఉంటుంది.

జాగ్రత్త పడాల్సినవాళ్లు కొందరున్నారు. గర్భిణులు రోజూ చిక్కటి నిమ్మగడ్డి కషాయం తాగకపోవడం మంచిది. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు మెలిస్సా మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. షుగరుకు, బీపీకి మందులు వాడేవాళ్లు కషాయం నమ్ముకుని మాత్ర మానొద్దు. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో పాటు కాకుండా గంట ఆగి తాగాలి. మూలికల టీల్లోని పాలీఫినాల్స్ కూడా ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి. రోజుకు రెండు మూడు గ్లాసులు పెద్దవాళ్లకు సరిపోతాయి.

సీసాలో అమ్మే నిమ్మగడ్డి నూనె చుక్కను నీళ్లలో వేసుకుని తాగడం ఈమధ్య కనిపిస్తోంది. అది టీ కాదు. నూనె నీళ్లలో కలవక పైన తేలి, పెదవులకూ గొంతుకూ నేరుగా తగిలి మంట పుట్టిస్తుంది. ఒక గ్లాసు టీలోకి దిగే నూనె కన్నా ఆ చుక్కలో ఉండేది చాలా ఎక్కువ.

కుదరకపోతే

చప్పగా ఉందా? ముందు ఆకును నలిపి వాసన చూడండి. ఆకులో ఉండి గ్లాసులో లేకపోతే మూత సంగతి, లేదా ముక్కలు పెద్దవి. ఆకులోనే లేకపోతే నీడలో పెరిగింది, లేదా ఎండలో ఎండింది. నిమిషాలు పెంచితే లాభం లేదు, పచ్చిగడ్డి రుచి మాత్రం పెరుగుతుంది.

చేదు: నిమ్మతొక్క మరిగింది, లేదా ఆకు వేసిన గిన్నెను పొయ్యి మీద మరిచిపోయారు. రెండూ కాకపోతే మొక్క మొదలు ఎరుపు ఉందేమో చూడండి, అది సిట్రొనెల్లా కావచ్చు.

సబ్బు రుచి: ఆకు ఎక్కువైంది. నీళ్లు కలిపితే సర్దుకుంటుంది. మళ్లీ చేయక్కర్లేదు.

పైన సన్నటి పొర తేలుతోందంటే రెండు కారణాలు. తాజా ఆకు ఎక్కువ వేసినప్పుడు దాని నూనే తేలుతుంది, అది మంచిదే. బోరు నీళ్లు గట్టివైతే సున్నం తెట్టు కడుతుంది. ఫిల్టరు నీళ్లతో ఒకసారి చేసి చూస్తే ఏదో తెలిసిపోతుంది. గట్టి నీళ్లలో వాసన కూడా మొద్దుబారినట్టుంటుంది.

ప్యాకెట్లు కొనేవాళ్లకు ఒక్క మాట. ముందువైపు నిమ్మకాయ బొమ్మను కాదు, వెనక పదార్థాల జాబితాను చదవండి. బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం. ‘చక్కెర, సిట్రిక్ యాసిడ్, ఫ్లేవర్’ అని మొదలైతే అది షర్బత్ పొడి. నిమ్మగడ్డి మొదటి పేరుగా ఉంటే సంచి చింపి చూడండి. పచ్చటి ముక్కలుంటే సరే, గోధుమరంగు ధూళి ఉంటే ఎన్నాళ్ల కిందటిదో చెప్పలేం. వడగట్టాక మిగిలిన ఆకు పిప్పిని కుండీలోనే పైన పరచండి. ఎండాకాలం తడి ఆరకుండా కాస్తుంది.